ఉప్పు వల్ల పెరిగే రక్తపోటుకు మందులను జంతువులపై ఎలా పరీక్షిస్తారు?

ఉప్పు తింటే రక్తపోటు పెరిగే తత్వం పుట్టుకతోనే ఉన్న ఎలుకలు ఇందుకు కావాలి. అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో పరిశోధకుడు లూయిస్ డాల్ 1960ల్లో స్ప్రేగ్-డాలీ అనే ప్రయోగశాల జాతి ఎలుకల నుంచి, ఉప్పుకు రక్తపోటు బాగా పెరిగేవాటిని, పెరగనివాటిని వేరుచేసి, తరతరాలుగా విడివిడిగా పెంచి రెండు సంతతులను రూపొందించారు. ఈ పరీక్షల్లో నేటికీ ఆ 'డాల్' ఎలుకలను విరివిగా వాడుతున్నారు.

సాధారణంగా కొన్ని ఎలుకలకు ఉప్పు తక్కువగా ఉన్న మేత, మిగిలినవాటికి 4 లేదా 8 శాతం ఉప్పు కలిపిన మేత పెట్టి, ఎక్కువ ఉప్పు తినేవాటిలో సగానికి మందు, సగానికి మందు లేని ద్రావణం ఇస్తూ కొన్ని వారాలపాటు గమనిస్తారు. రక్తపోటును తోకకు పట్టీ చుట్టి కొలవాలంటే ఎలుకను కదలకుండా పట్టి ఉంచాలి, ఆ బెదురుకే రక్తపోటు పెరగవచ్చు. అందుకే ధమనిలో సన్నని గొట్టం అమర్చి, శరీరంలోనే ఉంచిన చిన్న ట్రాన్స్‌మిటర్ ద్వారా రాత్రింబగళ్లు కొలిచిన అంకెలనే నేను ఎక్కువగా నమ్ముతాను. మూత్రపిండాలు ఎంత దెబ్బతిన్నాయో తెలియడానికి మూత్రంలో పోయే ప్రోటీన్‌నూ కొలుస్తారు.

ఇక్కడ తప్పక చూడవలసినది మేత తూకం. మందు వల్ల ఆకలి మందగించి ఎలుక తక్కువ తింటే, ఒంట్లోకి వెళ్లే ఉప్పు కూడా తగ్గుతుంది కనుక, రక్తపోటు దిగింది మందు వల్లనా, మేత తగ్గడం వల్లనా అన్నది తేలదు.

డాల్ ఎలుకల్లో, ముఖ్యంగా ఉప్పు ఎక్కువ తిన్నప్పుడు, రెనిన్ (మూత్రపిండాలు విడుదల చేసే, రక్తపోటును పెంచే ప్రక్రియను మొదలుపెట్టే ఎంజైమ్) తక్కువగా ఉంటుంది. కాబట్టి రక్తపోటును దించడంలో ఆ ప్రక్రియను అడ్డుకునే ఎనలాప్రిల్ వంటి మందులు వీటిపై అంతగా పనిచేయనంత మాత్రాన, రెనిన్ ఎక్కువగా ఉన్న రోగులకూ అవి పనికిరావని అనుకోకూడదు.