దుబాయ్ నుంచి శంషాబాద్‌కు భౌతికకాయం: కార్గోవారు ఎందుకు తీసుకోలేదు?

మరణ ధ్రువపత్రం చూపించినా మీ బాబాయిగారి భౌతికకాయాన్ని కార్గోవారు తిప్పి పంపారంటే, ఎంబామింగ్ (దేహం పాడవకుండా భద్రపరచే ప్రక్రియ) ధ్రువపత్రం లేకపోవడమే కారణమై ఉంటుంది.

1. అందరూ మరచేది ఇదే. అక్కడి ముస్లిం సంప్రదాయంలో స్నానం చేయించి, కఫన్ చుట్టి, వీలైనంత త్వరగా ఖననం చేస్తారు గనుక రక్తనాళాల్లోకి ఫార్మాలిన్ ద్రావణం ఎక్కించే ఈ ప్రక్రియ స్థానికులకు అవసరపడదు. కాబట్టి దేహాన్ని స్వదేశానికి పంపుతున్నామని మీరే చెప్పి, ఎంబామింగ్ చేయించి, ధ్రువపత్రం అడిగి తీసుకోవాలి.

2. భారత కాన్సులేట్‌లో మరణాన్ని నమోదు చేయించి, పాస్‌పోర్టు రద్దు చేయించుకుని, నిరభ్యంతర పత్రం పొందండి.

3. ఆ పత్రాల నకళ్లను శంషాబాద్ విమానాశ్రయ ఆరోగ్యాధికారి కార్యాలయానికి ముందే అందించండి. అన్నింటిలోనూ పేరు, ఇంటిపేరుతో సహా, పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి.