కంప్యూటర్ ల్యాబ్ కూడా నీకే ఇచ్చారంటగా

చెల్లెమ్మా,

లైబ్రరీతో పాటు డిజిటల్ ఇంచార్జ్ కూడా నువ్వేనని నిన్న ఫోన్లో చెప్తే నాకు ఎంత సంతోషమేసిందో, నీ గొంతులో మాత్రం భయమే వినిపించింది, అందుకే కూర్చుని రాస్తున్నా. నెట్‌వర్కింగ్ రాదు, రిపేర్లు రావు అన్నావు. వాటికి మెకానిక్ వస్తాడులే. ఎవరికి ఏం కావాలో కనిపెట్టి టైమ్‌కి చేతికందించడం నీకు బాగా వచ్చు, ఇక్కడా అదే పని. పాఠకుడి సమయం ఆదా చెయ్యమని లైబ్రరీ సైన్స్ పెద్దాయన రంగనాథన్ గారు 1931లోనే రాశారు, ట్యాబ్‌నైనా గోడకి బిగించే టచ్ స్క్రీన్ ప్యానెల్‌నైనా ఆ లెక్కతోనే చూడు.

ముందు టీచర్లని పట్టుకో. మా స్కూల్లో ప్యానెల్స్ బిగించిన కొత్తలో తెలుగు మాస్టారు ఒకాయన దాని వైపే చూసేవారు కాదు, ఇష్టం లేదేమో అనుకున్నా, తీరా అడిగితే పిల్లల ముందు తప్పు నొక్కితే పరువు పోతుందని భయమట. సాయంత్రం లాంగ్ బెల్ అయ్యాక తలుపు దగ్గరగా వేసి ఆయనొక్కరికే చూపించా, ఆన్ చెయ్యడం, రాయడం, చెరపడం, ఈ మూడే. వారం తిరక్కుండా గురువుకో రంగు లఘువుకో రంగు పెట్టి దాని మీదే పద్యానికి గణవిభజన చేయిస్తున్నారు, నేను గుమ్మంలో నిలబడి చూశా, కళ్ళు చెమర్చాయి. అందరినీ ఒకేసారి కూర్చోబెట్టి ట్రైనింగ్ ఇస్తే ఎవరూ నోరు తెరిచి డౌట్ అడగరమ్మా, ఒక్కొక్కరినే చూసుకో.

ఇక కేటలాగ్. కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ పెట్టించుకో, డబ్బు కట్టక్కర్లేదు, 2000లో న్యూజిలాండ్‌లో ఒక లైబ్రరీలో మొదలైంది, ఆ మాటకి మావోరీ భాషలో కానుక అని అర్థం. కానీ తెలుగు పేర్లన్నీ ఏ కంప్యూటర్లోనైనా తెలుగులోనే కనిపించే యూనికోడ్‌లోనే కొట్టించు, ఇది మర్చిపోకు. నేను డీటీపీ కుర్రాడితో యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్స్‌లో కొట్టించి సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తే స్క్రీన్ నిండా పిచ్చి గుర్తులు, ఒక్క పుస్తకం పేరు చదవడానికి రాలేదు, కన్వర్టర్‌లో వేస్తే సగం ఒత్తులు ఎగిరిపోయాయి. రెండు వేసవి సెలవులు వచ్చిన ప్రతి పుస్తకాన్నీ నంబరు వేసి రాసుకునే యాక్సెషన్ రిజిస్టర్ ముందేసుకుని మళ్ళీ మొదట్నుంచి టైప్ చేశాను. ఆ రిజిస్టర్ లేకపోతే నా గతేంటో. నువ్వు కూడా దాన్ని అటకెక్కించకు, రాస్తూనే ఉండు. బ్యాకప్ రెండు చోట్ల పెట్టు, ఒకటి స్కూల్ బయట ఉండాలి. పాస్‌వర్డ్‌లు కాగితం మీద రాసి కవర్ అంటించి హెచ్చెమ్ గారి బీరువాలో పెట్టించు.

ల్యాబ్‌ని మధ్యాహ్నం భోజనాల టైమ్‌లో తెరిచి ఉంచు తల్లీ. ఇంట్లో ఫోన్ లేని పిల్లలు మాకు లేదని నోరు విప్పి చెప్పరు, గుమ్మం దగ్గర ఊరికే తచ్చాడుతుంటారు, వాళ్ళని నువ్వే లోపలికి పిలవాలి.

ఇంకొకటి, కొత్త పని వచ్చిందని లైబ్రరీ పీరియడ్లు మాత్రం వదులుకోకు. సోమవారం హెచ్చెమ్ గారిని కలిసేటప్పుడు వారంలో ల్యాబ్‌కి ఎన్ని పీరియడ్లు, లైబ్రరీకి ఎన్ని, నీ బదులు ఎవరు అన్నది కాగితం మీద రాసి సంతకం తీసుకో, నోటిమాట మీద వచ్చెయ్యకు. రాసిన కాగితం ముందు నాకు వాట్సాప్ చెయ్యి, రాత్రికి చూసి చెప్తా.

మీ అక్క