మోటు జోకును గ్రాంథికంలో చెప్తే ఎందుకు నవ్వొస్తుంది?

పేడా పిత్తూ ఉన్న జంతువుల జోకుల్ని గ్రాంథికంలోకి ఎలా మార్చాలి, అలా మారిస్తే ఎందుకంత నవ్వొస్తుంది అని అడిగారు. నాకు బాగా తెలిసిన పిచ్చుక, గేదె, పిల్లి జోకుతో చెప్తాను.

ఒక సంక్రాంతికి మా బావ దీన్ని అరుగు మీద కూర్చుని, పేడకి బదులు ఇంకా మోటు మాట వాడి చెప్పాడు. మేనత్తలు లేచి లోపలికి వెళ్ళిపోయారు. మరుసటి ఏడు నేను గ్రాంథికంలో రాసి, తెలుగు పండితుడిగా రిటైరైన తాతయ్యకి ముందుగా చూపించాను. 'గోమయము' దగ్గర ఆగి, "అది ఆవుదిరా. ఇక్కడున్నది గేదె కదా, పురీషం అను" అన్నారు. 'మంచుకు తాళలేక' కూడా కొట్టేశారు. చివరికి ఇలా తయారైంది:

"ఒక్క చటకము పుష్యమాసపు మంచునకుం దాళఁజాలక నేలం బడియె. దైవవశమున నా మార్గమునం జనుచున్న మహిషి యొకటి దానిపైఁ బురీషవిసర్జనము గావించె. ఆ వేఁడిమిం బ్రాణములు గుదుటఁబడి, చటకము సంతోషాతిశయంబునఁ గిచకిచారావంబు సేయం దొడఁగె. అది విని మార్జాలం బొకటి చనుదెంచి, దాని నతిజాగరూకతతో వెలికిం దీసి భక్షించె."

ఇక్కడ ఒక్క క్షణం ఆగి, నీతిని మాత్రం ఇంట్లో మాటల్లో చెప్పాలి: "నెత్తిన పేడేసినవాడల్లా శత్రువు కాదు, పేడలోంచి తీసినవాడల్లా మిత్రుడూ కాదు. పేడలో వెచ్చగా ఉన్నప్పుడు నోరు మూసుకో!" ఇదీ గ్రాంథికంలోనే చెప్తే జోకు చప్పబడిపోతుంది.

కారణం నీతిచంద్రికలో ఉందని నా నమ్మకం. 1853లో చిన్నయ సూరి హిరణ్యకుడనే ఎలుక చేత, మంథరుడనే తాబేలు చేత ఈ భాషే మాట్లాడించారు. బళ్ళో అది చదువుకున్న చెవికి జంతువూ గ్రాంథికమూ కలిసి వినిపిస్తే ఏదో హితవు రాబోతోందనిపిస్తుంది. తీరా వచ్చేది పేడ.

అందుకే మాటల చివర 'ము'లూ 'వు'లూ తగిలిస్తే చాలదు. ద్రుతం (మాట చివర వచ్చే నకారం), సరళాదేశం (దాని తర్వాతి క, చ, ట, త, పలు గ, జ, డ, ద, బలు కావడం, 'మంచునకుం దాళ'లో లాగా) నిజంగా కుదరాలి. ఒక్క సంధి తప్పినా వెటకారంలా వినిపిస్తుంది, కథ చెప్పినట్టు ఉండదు. దీనికోసం బాలవ్యాకరణం సంధి పరిచ్ఛేదం మళ్ళీ తిరగేశాను, ఆ శ్రమ వృథా పోలేదు.

ఆ ఏడు మేనత్తలు కదల్లేదు. పెద్దత్తయితే రెండోసారి చెప్పించుకుంది. అందరూ పురీషం దగ్గర నవ్వుతారనుకున్నాను, కానీ పగలబడి నవ్వింది 'అతిజాగరూకతతో' దగ్గర. ఆ మాట తాతయ్య చేర్చింది.