క్రియాజనకమా, క్రియాజన్యమా?

సందేహం: మా అబ్బాయి పదో తరగతి. 'పొటాషియం అయోడైడ్, లెడ్ నైట్రేట్ ద్రావణాలను కలిపితే ఏర్పడే క్రియాజన్యాలు ఏవి?' అని పరీక్షలో అడిగితే మళ్లీ ఆ రెండు పేర్లే రాసి వచ్చాడు. క్రియాజనకాలు, క్రియాజన్యాలు అన్న మాటలను ఎలా గుర్తుపెట్టుకోవాలి? హాయిగా 'ఉత్పన్నాలు' అనేస్తే పోదా?

సమాధానం: మీ అబ్బాయిని కోప్పడకండి. రెండు మాటలూ ఒకేలా మొదలవుతాయి, తేడా అంతా చివర్లో ఉంది. పరీక్ష టెన్షన్‌లో పొరబడటం సహజం.

రెండింటిలోనూ ఉన్నది 'జన్' ధాతువే. పుట్టించేది జనకం, పుట్టినది జన్యం. జనకుడంటే తండ్రి కదా! సంగీతం తెలిసినవారికి ఇది మరీ సులువు. హరికాంభోజి జనక రాగం, అందులోంచి పుట్టిన మోహన జన్య రాగం. అలాగే క్రియకు జనకం క్రియాజనకం, క్రియ వల్ల జన్యం క్రియాజన్యం. సమీకరణంలో బాణానికి ఎడమవైపు ఉన్నవి జనకాలు, కుడివైపువి జన్యాలు.

మీరు రాసిన ఉదాహరణే చూడండి. రెండు ద్రావణాలూ నీళ్లలా తేటగా ఉంటాయి. కలపగానే గాజు గొట్టం నిండా పచ్చటి పసుపు కమ్ముకుని, మెల్లగా అడుగుకు దిగుతుంది. అది లెడ్ అయోడైడ్. కిందికి చేరుతుంది కనుక అవక్షేపం అన్నారు, 'అవ' అంటే కిందికి అనే. రెండో జన్యం పొటాషియం నైట్రేట్ కంటికి కనబడదు, నీళ్లలోనే కరిగి ఉంటుంది. పేర్లలో రెండో సగాలను తారుమారు చేస్తే జన్యాల పేర్లు వచ్చేస్తాయని పిల్లవాడికి చూపించండి. ఇలా జతలు మారడాన్నే ద్వంద్వ వియోగం అంటారు.

'ఉత్పన్నాలు' తప్పు కాదు. కానీ ఒక పదార్థం నుంచి తయారయ్యే ఇతర రూపాలనూ కర్బన రసాయనంలో అలాగే అంటారు, అందుకే నా ఓటు క్రియాజన్యానికే.

ఇంకొకటి. పొటాషియం బ్రోమైడ్ ద్రావణంలోకి క్లోరిన్ పంపితే బ్రోమిన్ బయటపడి ద్రావణం నారింజ రంగుకు తిరుగుతుంది. అదే పొటాషియం క్లోరైడ్‌కు బ్రోమిన్ కలిపితే క్లోరిన్ రాదు, దాన్ని తోసేసే శక్తి బ్రోమిన్‌కు లేదు. క్రియే లేనప్పుడు జన్యాలూ ఉండవు, కలిపినవాటిని క్రియాజనకాలు అనడమూ కుదరదు. బిడ్డ పుట్టాకే కదా తండ్రి అంటాం! అలాంటి ప్రశ్న వస్తే 'చర్య జరగదు' అని రాయమనండి.