ఆ చప్పిడి పథ్యం డయాలసిస్‌కి ముందుది

ప్రశ్న: మాది ఉద్దానంలో కవిటి దగ్గర పల్లె. మా ఆయనకి 52 ఏళ్ళు. షుగర్ లేదు, బీపీ ఉంది. కిడ్నీలు పాడై ఏడు నెలలుగా వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయిస్తున్నాం. 60 కిలోలుండే మనిషి 53కి దిగాడు. ముద్ద నోటి దగ్గరికి వస్తేనే ఓకరింత. ఇనుము నాకినట్టుంది అంటాడు. నాలుగు ముద్దలకే కంచం నెట్టేస్తాడు. బతిమాలితే విసుగు, మొన్నయితే కంచం విసిరేశాడు. కిడ్నీ జబ్బని తేలినప్పుడు రాసిచ్చిన పథ్యం కాగితం చూసి పప్పు, గుడ్డు, చేప మానిపించాం. ఉప్పూ కారం తగిలితే ప్రాణానికే ముప్పని మా అత్తగారు దగ్గరుండి చప్పిడి కూరలు వండిస్తారు. నీరసం తగ్గుతుందని మా అబ్బాయి రోజూ కొబ్బరిబోండం కొట్టి ఇస్తున్నాడు. ఈయన చేత అన్నం తినిపించే దారి చెప్పండి.

జవాబు: మిగతా సంగతులు తరవాత. ముందు ఆ కొబ్బరిబోండం ఈరోజే ఆపించండి. ఒక గ్లాసు కొబ్బరినీళ్ళలో 500 నుంచి 600 మిల్లీగ్రాముల దాకా పొటాషియం ఉంటుంది. ఆయన ఒంట్లోంచి అది పోవడానికి ఉన్న పెద్ద దారి డయాలసిస్ ఒక్కటే. వారానికి రెండుసార్లంటే ఒక ఎడం మూడు రోజులు, ఇంకో ఎడం నాలుగు రోజులు. ఆ నాలుగో రోజుకి పొటాషియం పేరుకుపోతే ఏ హెచ్చరికా లేకుండా గుండె లయ తప్పవచ్చు. అబ్బాయిని మాత్రం ఏమీ అనకండి. చుట్టూ కొబ్బరితోటలే ఉన్న ఊళ్ళో నీరసానికి ఎవరికైనా మొదట తోచేది బోండమే. కొబ్బరినీళ్ళతో పాటు పనసపండు, అరటిపండు, జామ, చిలగడదుంప, కంద, మునగాకు కూడా పక్కన పెట్టండి. 'లో సోడియం' అని అమ్మే ఉప్పు ఇంట్లో ఉంటే తీసేయండి, అందులో ఉప్పుకి బదులు కలిపేది పొటాషియమే.

ఇప్పుడు ఆ పథ్యం కాగితం తీసి దాని మీద తేదీ చూడండి. డయాలసిస్ మొదలుకాక ముందుది అయితే, ఇప్పుడది ఆయన పథ్యం కాదు. కిడ్నీలు ఇంకా కొంత పనిచేస్తున్నప్పుడు వాటి మీద భారం తగ్గించడానికి మాంసకృత్తులు తగ్గించమంటారు, కిలో బరువుకి రోజుకు 0.6 గ్రాముల దాకా. డయాలసిస్ మొదలయ్యాక లెక్క తిరగబడుతుంది. ఒక్కో విడతలో ఆరేడు గ్రాముల అమైనో ఆమ్లాలు (మాంసకృత్తులు అరిగితే వచ్చే ముక్కలు), ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే, రక్తంలోంచి మిషన్‌లోకి పోతాయి. అందుకే కిలోకి 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు కావాలి. మీ ఆయనకి అది రోజుకు 55 నుంచి 65 గ్రాములు. ఏడు నెలలుగా ఇంట్లో అందుతున్నది అందులో సగం కూడా ఉండదు. తగ్గిన ఏడు కిలోల్లో ఎక్కువ భాగం కండే అయి ఉంటుంది. కండ కరిగితే నీరసం, నీరసంతో ఆకలి ఇంకా చావడం, ఇది ఒకదాని వెనక ఒకటి నడుస్తుంది.

ఆయన మీ వంట మీద అలిగి తినడం లేదనుకోకండి. కిడ్నీలు బయటికి పంపాల్సిన యూరియా అనే వ్యర్థం రక్తంలో పెరిగితే అది ఉమ్మిలోకి వచ్చి నోట్లో అమ్మోనియాగా మారుతుంది. ఆయన చెప్పే ఇనుము రుచి అదే. పచ్చిమాంసం వాసన, పోపు వాసన కూడా భరించలేకపోవడం ఈ జబ్బులో మామూలు. కాబట్టి ఆకలి చచ్చిపోయిందంటే మొదట అనుమానించాల్సింది వంటని కాదు, డయాలసిస్ సరిపోతోందా అన్నది. ఒక విడతకి ముందు, తరవాత యూరియా పరీక్ష చేయించమని అడగండి. ముందు 120 ఉంటే తరవాత 42 కన్నా తక్కువకి రావాలి, అంటే 65 శాతం తగ్గాలి. అది కూడా వారానికి మూడుసార్లు చేయించుకునేవాళ్ళకి చెప్పే కనీసం. రెండుసార్లే అయితే ఆ అంకె వచ్చినా చాలినట్టు కాదు. మూత్రం ఇంకా బాగా వస్తుంటే రెండుతో కొంతకాలం నెట్టుకు రావచ్చు. తగ్గిపోతే మూడోది కావాలి. ఒకరోజు ఆయన మూత్రమంతా ఒక సీసాలో పట్టి కొలిచి ఆ లెక్క డాక్టరుకి చెప్పండి. నాలుగు గంటల విడతని బస్సు దొరకదని మూడు గంటలకే ముగించి వచ్చేస్తున్నారేమో కూడా చూసుకోండి. దూరాభారం మీకు అలవాటే, కానీ ఆ పోయిన గంట అన్నం కంచం దగ్గర తేలుతుంది.

డయాలసిస్ చాలనప్పుడు ఎంత రుచిగా వండినా సగమే ఫలితం. అది సర్దుకుంటూ ఉండగా వంటింట్లో చేయాల్సినవి చెబుతాను.

మాంసకృత్తులకి అన్నిటికన్నా ముందు గుడ్డు తెల్లసొన. ఒక తెల్లసొనలో మూడున్నర గ్రాములు ఉంటాయి, పొటాషియంలాగే ఈయన ఒంట్లో పేరుకుపోయే ఫాస్ఫరస్ దాదాపు ఉండదు, అదంతా పచ్చసొనలో ఉంటుంది. మూడు తెల్లసొనల్ని మిరియాలపొడి, కొత్తిమీర వేసి అట్టులా పోస్తే పదిన్నర గ్రాములు. తాజా చేప 100 గ్రాములకి 18 గ్రాముల దాకా వస్తుంది. చింతపండు పులుసు వద్దు, నిమ్మరసం, అల్లం వెల్లుల్లి పట్టించి పెనం మీద వేయించండి. చేప వాసనే గిట్టకపోతే బలవంతం లేదు, అదే కొలతలో చికెన్ పెట్టండి. ఎండుచేప మాత్రం పూర్తిగా మానాలి, అది చేప రూపంలో ఉన్న ఉప్పు. పప్పు రోజుకు 30 గ్రాములు, అంటే చిన్న గుప్పెడు, ఆరేడు గ్రాములు ఇస్తుంది. నానబెట్టి, నిండా నీళ్ళు పోసి ఉడికించి, ఆ కట్టు పారబోసి ముద్దపప్పు చేయండి. కట్టుతో చారు పెట్టే అలవాటుంటే మానండి, పొటాషియం అంతా అందులోకే దిగుతుంది. పెరుగు ఒక చిన్న కప్పు మూడు గ్రాములు. రోజంతటికీ రెండు వందలు, రెండు వందల యాభై గ్రాముల బియ్యం అన్నంగానో ఉప్మాగానో లోపలికి వెళ్తే ఇంకో 15, 18 గ్రాములు. అన్నీ కలిపితే 55 దగ్గరికి చేరతారు. ఒకేసారి కాదు, నెల రోజుల్లో.

ఈ రోజుల్లో ఎవరిని అడిగినా రాగి అంబలి, చిరుధాన్యాలు అంటారు. ఈయనకి తెల్లన్నమే మేలు, అందులో పొటాషియం, ఫాస్ఫరస్ తక్కువ. అంబలి పైగా నీళ్ళ లెక్కలోకి వస్తుంది. బలం కోసం అన్నంలో రెండు చెంచాల నెయ్యో నూనో ఎక్కువ వేయండి, ఒక చిన్న చెంచా నెయ్యి 45 కేలరీలు, కడుపులో చోటు తీసుకోదు. షుగర్ లేదు కాబట్టి సగ్గుబియ్యం, బొంబాయి రవ్వ కేసరి లాంటివి నిక్షేపంగా పెట్టవచ్చు.

ఇక ఉప్పూ కారం. మీ అత్తగారు చెప్పేదాంట్లో సగం నిజం. ఉప్పు తగ్గాలి, కానీ సున్నా కాదు. రోజంతా కలిపి 5 గ్రాములు, చదునుగా ఒక చిన్న చెంచా. అది పొద్దునే ఒక గిన్నెలో కొలిచి పెట్టుకుని, వంటలో వేయకుండా ఆయన కంచంలో పైన చల్లండి, నాలుకకి ఎక్కువ తెలుస్తుంది. కారం, మిరియాలు, జీలకర్ర, ఇంగువ, కరివేపాకు పోపు, నిమ్మకాయ వీటికి కిడ్నీతో తగువు లేదు, కడుపులో మంట లేకపోతే వాడండి. ఊరగాయ, అప్పడం, వడియం ఆపాలి. ఉప్పు తింటే దాహం, దాహానికి నీళ్ళు, నీళ్ళతో నిండిన కడుపుకి అన్నం ఎక్కదు. రోజుకి ద్రవం మూత్రం కొలతకి అర లీటరు కలిపినంత, అందులో టీ, మజ్జిగ, చారు అన్నీ వస్తాయి. కూరలకి బీర, సొర, క్యాబేజీ మంచివి. బంగాళాదుంప తినాలనిపిస్తే చెక్కు తీసి, చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోసి వేపుడు చేయండి.

ఎప్పుడు పెట్టాలన్నది ఏం పెట్టాలన్నదంత ముఖ్యం. ఈ జబ్బులో చాలామందికి పొద్దుటి పూటే కాస్త ఆకలి. పెద్ద భోజనం అప్పుడే పెట్టేయండి. వేడన్నం ఆవిరికే ఓకరింత వస్తుంటే చద్దన్నం ప్రయత్నించండి, నీళ్ళు పిండేసి, గట్టి పెరుగు కలిపి. చల్లటి తిండికి వాసన తక్కువ. రోజుకి ఆరుసార్లు, గుప్పెడు గుప్పెడు. తినే ముందు నాలుక గీసుకుని, నిమ్మరసం పిండిన నీళ్ళతో పుక్కిలించి ఉమ్మేయమనండి. నాలుక మీద తెల్లటి పొర గీసినా పోకపోతే అది ఫంగస్ కావచ్చు, మందుంది. డయాలసిస్ రోజున బయల్దేరేముందు ఇడ్లీ, తెల్లసొన లాంటి తేలిక తిండి. మిషన్ మీద ఉండగా కడుపునిండా తింటే కొందరికి బీపీ పడిపోతుంది. ఇంటికొచ్చాక అలసటతో పడుకుండిపోతారు, లేచేసరికి పెరుగన్నం సిద్ధంగా ఉంటే చాలు.

మాత్రలూ ఆకలిని మింగేస్తాయి. తిండికి ముందు ఎనిమిది మాత్రలు, గ్లాసుడు నీళ్ళు అయితే ఇక భోజనానికి చోటేది? ఫాస్ఫరస్ తగ్గించే మాత్ర మాత్రం భోజనంతోనే వేసుకోవాలి, తినని పూట దాని పని ఉండదు. మిగతావి ఏవి వేరే వేళకి జరపవచ్చో డాక్టరునో ఫార్మసిస్టునో అడగండి. ఐరన్, కాల్షియం మాత్రలతో మలబద్ధకం వస్తే కూడా ఆకలి పోతుంది, అడిగితే విరేచనం సాఫీగా అయ్యే లాక్టులోజ్ మందు రాస్తారు. గ్యాస్ అనుకుని దుకాణంలో టానిక్ కొనకండి, వాటిలో చాలావాటిలో అల్యూమినియం, మెగ్నీషియం ఉంటాయి, ఈయన ఒంట్లోంచి అవి పోవు. నొప్పి మాత్రలు, నాటు భస్మాలు కూడా వద్దు.

బరువు గురించి ఒక హెచ్చరిక. డయాలసిస్‌లో అదనపు నీరు తీసేశాక ఉండాల్సిన బరువుని 'డ్రై వెయిట్' అని షీటు మీద రాస్తారు. లోపల కండ తగ్గుతుంటే దాని చోట నీరు చేరి కాటా మీద అంకె పెద్దగా మారదు. పాత డ్రై వెయిట్ అలాగే ఉంచితే కాళ్ళ వాపు, ఎక్కువ బీపీ, పడుకుంటే ఆయాసం వస్తాయి. ఇన్నాళ్ళూ సరిగా తినలేదని చెప్పి దాన్ని మళ్ళీ నిర్ణయించమనండి. అదే రోజు రక్తపరీక్షలో హిమోగ్లోబిన్, ఆల్బుమిన్, బైకార్బనేట్, పొటాషియం చూడమనండి. పలాసలో 2023 డిసెంబరులో మొదలైన కిడ్నీ ఆసుపత్రి మీకు దగ్గరే, డైటీషియన్‌తో మాట్లాడాలని అక్కడో, మీరు వెళ్ళే కేంద్రంలోనో అడగండి. ఈసారి అత్తగారిని కూడా వెంట తీసుకెళ్ళండి. గుడ్డు పెట్టమని మీరంటే కోడలి మాట, తెల్లకోటు వేసుకున్నవాళ్ళంటే వైద్యం.

కంచం విసిరేయడం గురించి. ఆయనకి ఆకలి లేదు, చుట్టూ ముగ్గురు కూర్చుని ముద్ద ముద్దకీ మొహం చూస్తున్నారు. 'ఇంకొక్క ముద్ద' అన్న మాట పదిహేను రోజులు ఇంట్లో వినిపించకూడదు. కంచంలో చిన్న కొలత పెట్టండి, మీరూ పక్కన మీ కంచంతో కూర్చుని మీ తిండి మీరు తినండి, కబుర్లు వేరేవి చెప్పండి. వదిలేస్తే తీసేయండి, రెండు గంటల తరవాత ఇంకేదో పెట్టండి. ఎంత తిన్నాడో మనసులో కాదు, ఒక నోటుబుక్కులో రాయండి. మీ బెంగ అందులోకి పోతుంది, డాక్టరుకీ పనికొస్తుంది. తిండి ఒక్కటే కాకుండా నిద్ర, మాట, తోట మీద ధ్యాస అన్నీ పోయాయా, బతికి ఏం లాభం అంటున్నాడా అని కూడా గమనించండి. అలా ఉంటే అది కుంగుబాటు. దానికి మందులున్నాయి, కిడ్నీ రోగి అని చెప్పి మానసిక వైద్యుడికి చూపించండి.

ఆగని వాంతులు, విడవని వెక్కిళ్ళు, మత్తుగా పడి ఉండటం, మాట తడబడటం, ఊపిరి తీస్తే గుండెలో నొప్పి, కాళ్ళు చచ్చుపడినట్టు ఉండటం, మెడ దగ్గరో తొడ దగ్గరో డయాలసిస్ కోసం పెట్టిన గొట్టం ఉండి చలిజ్వరం రావడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తరవాతి డయాలసిస్ రోజు దాకా ఆగకండి. రాత్రయినా 108కి ఫోన్ చేసి బయల్దేరండి.