హెచ్‌-1బీ మీద ఉన్నవాళ్లు అమెరికాలో తుపాకి కొనవచ్చా?

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాం. మా ఆయనది హెచ్‌-1బీ ఉద్యోగ వీసా, నాది ఆయన భార్యగా వచ్చిన హెచ్‌-4. గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టిన ఐ-140 దరఖాస్తుకు ఆమోదం వచ్చి చాలాకాలమైంది, ఇంకా గ్రీన్‌కార్డు లైన్లోనే ఉన్నాం. ఆలెన్ మాల్‌లో కాల్పులు జరిగినప్పటి నుంచి మా ఆయనకు ఒకటే టెన్షన్. ఇంట్లో పిస్టల్ ఉండాల్సిందే అంటున్నారు. టెక్సస్‌లో పర్మిట్ కూడా అక్కర్లేదట కదా? మా బావగారు సిటిజన్. 'నా పేరు మీద కొనిస్తాలే' అంటున్నారు. ఆఫీసు స్నేహితులేమో హంటింగ్ లైసెన్సు తీసుకుంటే చాలంటున్నారు. ఈలోగా అందరూ కలిసి షూటింగ్ రేంజ్‌కి వెళ్లాలని ప్లాన్. వీటిలో ఏది చట్టప్రకారం సరైనది? ఇన్ని ఘోరాలు జరుగుతున్నా అక్కడి చట్టం ఎందుకు ఆపలేకపోతోంది?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు రేంజ్ ప్లాన్ మానుకోమని మీవారికి చెప్పండి. మీరు అడిగినవాటిలో అన్నిటికన్నా తేలిగ్గా కనిపించేది, అన్నిటికన్నా తొందరగా ఇరికించేది అదే.

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్‌ఇమిగ్రెంట్ (తాత్కాలిక) వీసా మీద వచ్చినవాళ్లు తుపాకి గానీ, తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. హెచ్‌-1బీ, హెచ్‌-4, ఎఫ్‌-1 అన్నీ ఈ కోవలోవే. ఐ-140 ఆమోదం అయినంత మాత్రాన ఇది మారదు. గ్రీన్‌కార్డు చేతికొచ్చాక సంగతి వేరు. అప్పుడు సిటిజన్ల లాగే మామూలు నిబంధనల ప్రకారం కొనుక్కోవచ్చు. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి పర్మిట్ లేకుండా పిస్టల్ పట్టుకు తిరగవచ్చన్న మాట నిజమే. కానీ ఆ సౌకర్యం తుపాకి ఉంచుకోవడానికి అర్హత ఉన్నవాళ్లకే. ఫెడరల్ చట్టం వద్దన్నవాళ్లకు రాష్ట్రం ఇచ్చే మినహాయింపేమీ లేదు.

ఇక రేంజ్. అక్కడ అద్దెకు తీసుకుని అక్కడే కాల్చి తిరిగి ఇచ్చేస్తే బ్యాక్‌గ్రౌండ్ చెక్ (కొనేవాళ్ల పూర్వచరిత్రను రికార్డుల్లో చూసే తనిఖీ) ఉండదు. ఒక హామీపత్రం మీద సంతకం పెట్టించుకుని, కళ్లజోడు, చెవులకు మఫ్‌లు ఇచ్చి లోపలికి పంపిస్తారు. కౌంటర్‌లో ఎవరూ ఆపలేదు కాబట్టి తప్పేం లేదనుకుంటారు మనవాళ్లు. చట్టం చూసేది తుపాకి మీ అదుపులో ఉందా లేదా అన్నదే. సొంతదా, అద్దెదా, ఎంతసేపు పట్టుకున్నారు అన్నవి చూడదు. ఫ్లోరిడాలో రెహైఫ్ అనే విద్యార్థిని కాలేజీ నుంచి తీసేశారు, దాంతో వీసా హోదా పోయింది. ఆ తర్వాత ఒక రేంజ్‌కి వెళ్లి రెండు తుపాకులు కాల్చినందుకే అతని మీద కేసు పెట్టారు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తాను నిషేధిత వర్గంలో ఉన్నానని నిందితుడికి తెలుసని కూడా ప్రభుత్వం రుజువు చేయాలని 2019లో కోర్టు తేల్చడంతో అతని శిక్ష నిలవలేదు. దీన్ని చూసి ధైర్యం తెచ్చుకోకండి. హెచ్‌-1బీ స్టాంపింగ్ కోసం కాన్సులేట్ చుట్టూ తిరిగిన ఇంజనీరు 'నా వీసా ఏమిటో నాకు తెలియదు' అంటే ఎవరు నమ్ముతారు? ఆ పైన రేంజ్‌లో తీసుకున్న రీల్స్ ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేవాళ్లు కొందరు. వీసా అధికారులు సోషల్ మీడియా చూస్తున్న ఈ రోజుల్లో, సాక్ష్యం మనమే తయారుచేసి ఇవ్వడం అన్నమాట.

ఈ నేరానికి గరిష్ఠ శిక్ష అంతకుముందు పదేళ్లు, 2022 చట్టంతో పదిహేనేళ్లయింది. అందరికీ అంత పడదు. కానీ జైలు సంగతి అలా ఉంచితే, తుపాకి నేరంలో దోషిగా తేలడం ఇమిగ్రేషన్ చట్టంలో దేశం నుంచి పంపించేయడానికి విడిగా ఒక కారణం. ఇన్నేళ్ల గ్రీన్‌కార్డు ఎదురుచూపు దానితో పోతుంది.

మీ బావగారి ప్రతిపాదన ఇంకా ప్రమాదం. షాపులో నింపే 4473 ఫారంలో 'అసలు కొనుగోలుదారు మీరేనా' అని అడుగుతారు. వేరొకరి కోసం కొంటూ అవునని రాస్తే అది అబద్ధపు వాంగ్మూలం. అబ్రాంస్కీ అనే మాజీ పోలీసు, తనకు డిస్కౌంట్ వస్తుందని దగ్గరి బంధువు కోసం పిస్టల్ కొన్నాడు. ఆ బంధువుకు సొంతంగా కొనుక్కునే అర్హత ఉంది. అయినా నేరమేనని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. మీవారికి ఆ అర్హత కూడా లేదు. కాబట్టి కేసు ఇద్దరి మీదా వస్తుంది. బావగారు తన కోసమే కొనుక్కుని మీ ఇంట్లో దాచినా లాభం లేదు. డ్రాయర్ తాళంచెవి మీ దగ్గరుంటే అది మీ అధీనంలో ఉన్నట్టే.

హంటింగ్ లైసెన్సు విషయంలో స్నేహితులు చెప్పింది అబద్ధం కాదు. అమెరికాలో జారీ అయిన, చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు ఉంటే పైన చెప్పిన నిషేధం వర్తించదు. ఆ మినహాయింపు చట్టంలోనే ఉంది. మరి వద్దని ఎందుకంటున్నానంటే, లైసెన్సుకు గడువు ఉంటుంది. టెక్సస్ వార్షిక లైసెన్సు ఎప్పుడు తీసుకున్నా ఆగస్టు 31తోనే ముగుస్తుంది. రెన్యువల్ మర్చిపోతే, సెప్టెంబరు 1 తెల్లారేసరికి బీరువాలో ఉన్న అదే పిస్టల్ నేరవస్తువు. కరెంటు బిల్లే ఆలస్యంగా కట్టే ఇళ్లలో ఈ రిస్క్ ఎందుకు?

చట్టం ఎందుకు ఆపలేదన్నది మీ ఆఖరి ప్రశ్న. 2023 మే 6న ఆలెన్‌లో ఎనిమిది మంది చనిపోయారు, వారిలో హైదరాబాద్ నుంచి వెళ్లిన యువ ఇంజనీరు కూడా ఉంది. హంతకుడి దగ్గర, అతని కారులో కలిపి ఎనిమిది తుపాకులు దొరికాయి. అన్నీ చట్టబద్ధంగా సంపాదించినవేనని అధికారులు చెప్పారు. 2008లో మానసిక కారణాలతో సైన్యం అతన్ని కొన్ని నెలలకే ఇంటికి పంపేసింది. కానీ కోర్టు తీర్పు గానీ, బలవంతపు ఆసుపత్రి చేరిక గానీ ఉంటే తప్ప అలాంటి సంగతి బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో అడ్డుపడదు. అక్కడి చట్టం వర్గాలుగా వడకడుతుంది. నేరస్థులు, గృహహింస దోషులు, మనలాంటి వీసాదారులు ఆ జల్లెడలో ఆగిపోతారు. ఏ వర్గానికీ చెందని ప్రమాదకరమైన మనిషి జారిపోతాడు. ఆ ఖాళీని పూడ్చడానికే ఇరవైకి పైగా రాష్ట్రాల్లో రెడ్ ఫ్లాగ్ చట్టాలు తెచ్చారు. ప్రమాదం కనిపిస్తే కోర్టు ఉత్తర్వుతో కొంతకాలం తుపాకులు తీసుకుంటారు. టెక్సస్ అందులో లేదు.

19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు బలైన 2022 నాటి ఉవాల్డే స్కూలు కాల్పుల్లో హంతకుడికి 18 ఏళ్లు. కొన్నిరకాల రైఫిళ్ల కొనుగోలు వయసు 21కి పెంచాలని ఆ పిల్లల తల్లిదండ్రులు టెక్సస్ రాజధాని ఆస్టిన్‌లో పోరాడారు. ఆలెన్ ఘటన జరిగిన రెండు రోజులకే టెక్సస్ సభాకమిటీ ఆ బిల్లును 8-5 ఓట్లతో పాస్ చేసింది. తీరా గడువులోగా సభ ఎజెండాలోకి ఎక్కక అది మూలపడింది. అవతలి వాదన కూడా వినాలి. 2019లో అదే రాష్ట్రంలోని వైట్ సెటిల్‌మెంట్ చర్చిలో సాయుధుడైన ఒక వాలంటీరు దుండగుణ్ణి సెకన్లలో పడగొట్టాడు. తుపాకి హక్కుల వాళ్లు తరచూ చెప్పే ఉదాహరణ ఇదే. అయితే ఆయన ఇతరులకు షూటింగ్ నేర్పే మనిషి. బీరువాలో పిస్టల్ పెట్టుకున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి మాల్ పార్కింగ్‌లో అంత పని చేస్తాడని నేననుకోను. ఆలెన్‌లో హంతకుణ్ణి నిమిషాల్లో ఆపింది కూడా వేరే పని మీద అక్కడే ఉన్న పోలీసు అధికారి.

మీకు పిల్లలుంటే మాత్రం ఒక మాట. ఆడుకోవడానికి వేరే ఇంటికి పంపేముందు 'మీ ఇంట్లో గన్ ఉందా, లాకర్‌లోనే ఉంటుందా' అని అడగండి. అక్కడ అదేం అమర్యాద కాదు. 17 ఏళ్లలోపు పిల్లలకు గుండ్లు నింపిన తుపాకి అందేలా నిర్లక్ష్యంగా వదిలేయడం టెక్సస్‌లో నేరం. మిషిగన్‌లో 2021 ఆక్స్‌ఫర్డ్ స్కూలు కాల్పుల కేసులోనైతే, కొడుక్కి పిస్టల్ కొనిచ్చి, హెచ్చరికలు పట్టించుకోని తల్లిదండ్రులిద్దరినీ 2024లో దోషులుగా తేల్చి జైలుకు పంపారు.

మీవారు ఇప్పటికే ఎప్పుడైనా రేంజ్‌కి వెళ్లి ఉంటే, ఇండియా ప్రయాణానికి ముందు ఆ బ్యాగు అరలన్నీ దులపండి. మర్చిపోయిన ఒక్క తూటా శంషాబాద్ స్కానింగ్‌లో కనబడినా ఆయుధాల చట్టం కింద కేసు కడతారు. తెలిసి తెచ్చుకోలేదని చూపిస్తే హైకోర్టులు అలాంటి కేసులు కొట్టేసిన సందర్భాలున్నాయి. కానీ అప్పటిదాకా విమానం, సెలవు, వీసా స్టాంపింగ్ అపాయింట్‌మెంట్ అన్నీ గల్లంతే.

ఒకవేళ పిస్టల్ ఇప్పటికే కొనేసి ఉంటే, భయపడి ఎవరికో అమ్మడం, స్నేహితుడి ఇంట్లో పెట్టడం చేయకండి. అది ఇంకో నేరం కావచ్చు. పోలీసులకు మీరుగా ఏదీ చెప్పకముందే క్రిమినల్ లాయర్‌ను, ఇమిగ్రేషన్ లాయర్‌ను కలవండి. ఇద్దరూ ఒకే ఫైలు చూసేలా ఏర్పాటు చేసుకోండి. క్రిమినల్ కేసులో తేలికైన రాజీ అనిపించేది ఇమిగ్రేషన్ దగ్గర కొంప ముంచవచ్చు.