సగంలో వదిలేసిన పుస్తకాలు ఏ అరలో పెట్టాలి?

పోయిన నెల మా అబ్బాయి ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం) గురించి ఈ శీర్షికలో నాలుగు మాటలు రాశాను. దానికొచ్చిన ఉత్తరాలతోనే ఈసారి పేజీ నిండిపోయింది. నేను డాక్టర్ని కాను. పద్దెనిమిదేళ్లుగా లైబ్రేరియన్ని. పదకొండేళ్ల అబ్బాయికీ ఏడేళ్ల పాపకీ అమ్మని. మందుల గురించి అడిగినవాళ్లు దయచేసి మీ డాక్టర్నే అడగండి. మిగతావి నాకు తెలిసినంతలో చెబుతాను.

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్లు. ఏడీహెచ్‌డీ అని నిరుడు తేలింది. ఏ పుస్తకమూ పూర్తి చేయడు. పది పేజీలు చదివి ఇంకోటి తీస్తాడు. 'మొదలుపెట్టింది అయ్యాకే కొత్తది' అని షరతు పెట్టాను. ఇప్పుడు అసలు పుస్తకమే ముట్టుకోవడం లేదు. – ఒక అమ్మ

జవాబు: ముందు ఆ షరతు తీసేయండి. నేనూ పెట్టి చూశాను కాబట్టి చెబుతున్నాను. తిమింగలాల పుస్తకం ఒకటి మావాడు నాలుగు నెలలు పూర్తి చేయలేదు, కొత్తది అడగనూ లేదు. చివరికి అది వాషింగ్ మెషీన్ వెనక దొరికింది. పడిపోయింది కాదు, దాచేశాడు. పుస్తకాన్ని చూస్తేనే బిడ్డకి తప్పు చేసినట్టు అనిపించే స్థితికి ఒక లైబ్రేరియన్ తన ఇంట్లోనే తెచ్చింది. ఆ రోజు నాకు చాలా సిగ్గేసింది.

మీరు పుస్తకం తిరిగిచ్చేటప్పుడు 'పూర్తిగా చదివారా?' అని ఏ లైబ్రేరియన్ అయినా అడిగారా? అడగం. ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో మా వృత్తికి ఐదు సూత్రాలు రాసిపెట్టారు. పుస్తకాలు వాడుకోవడానికే. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం. ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు. పాఠకుడి సమయం కాపాడాలి. గ్రంథాలయం పెరిగే జీవి. ఇన్నేళ్లుగా చదువుతున్నాను, 'మొదలుపెట్టింది పూర్తి చేయాలి' అని ఐదింట్లో ఎక్కడా లేదు.

మావాడు చదివే తీరు చెబుతాను. కాళ్లు గోడ మీద, తల సోఫా అంచు కింద. చేతిలో ఆక్టోపస్ పుస్తకం, అదీ మధ్యలోంచి. 'అమ్మా, దీనికి మూడు గుండెలెందుకు?' రెండేమో మొప్పలకి రక్తం పంపడానికి, ఒకటి మిగతా ఒంటికి అన్నాను. 'మరి రక్తం నీలంగా ఎందుకుంది?' అందులో రాగి ఉంటుంది కాబట్టి. రాగి అనగానే లేచి కరెంటు తీగల పుస్తకం తెచ్చాడు. సాయంత్రానికి నాలుగు పుస్తకాలు నేల మీద బోర్లా పడున్నాయి, ఒక్కటీ పూర్తి కాలేదు. ఇదే పని పెద్దవాళ్లు మా రిఫరెన్సు విభాగంలో చేస్తే పరిశోధన అంటాం.

ఇప్పుడు మా హాల్లో 'సగం అర' అని ఒకటుంది. వదిలేసిన పుస్తకాలన్నీ అట్ట ముందుకి కనబడేలా అందులో నిలబడతాయి. వెన్ను మాత్రం కనబడే పుస్తకం కంటే అట్ట కనబడే పుస్తకాన్ని జనం ముందు తీస్తారని లైబ్రరీలో రోజూ చూస్తుంటాం. ఈ పిల్లల విషయంలో అది ఇంకా నిజం. కళ్లకి కనబడనిది వాళ్లకి లేనట్టే.

రెండోది చీటీ. ఆపిన చోట పేజీ గుర్తు పెడితే చాలదు. మూడు వారాల తర్వాత తెరిస్తే ఎవరు ఎవరో గుర్తుండదు, మళ్లీ మొదటికొస్తే విసుగు. అందుకని ఆపేముందు ఒక్క వాక్యం రాయమంటాను. మొన్నటి చీటీ: 'కెప్టెన్ అబద్ధం చెబుతున్నాడు, వంటవాడికి తెలుసు.' పది రోజుల తర్వాత ఆ చీటీ చూసి తనంతట తానే పుస్తకం తీశాడు. అదీ పూర్తి చేయలేదనుకోండి, కానీ ఇంకో నలభై పేజీలు నడిచింది.

ఒక్క జాగ్రత్త. కూర్చోలేకపోవడం కాదు, అక్షరాలు కూడబలుక్కోవడమే కష్టంగా ఉంటే డిస్లెక్సియా ఉందేమో విడిగా పరీక్ష చేయించండి. ఏడీహెచ్‌డీతో పాటు అదీ ఉండటం అరుదేం కాదు. దీనికి చేసే సాయంతో అది తగ్గదు.

ప్రశ్న: చెస్ ముందు మూడు గంటలు కదలని కుర్రాడు హోంవర్కుకి మూడు నిమిషాలు కూర్చోడు. ఇది జబ్బా, బద్ధకమా? – ఒక నాన్న

జవాబు: మా ఆయన డాక్టర్ని అచ్చంగా ఇదే అడిగారు. అసలు పేరులోనే చిక్కుంది. 1980లో అమెరికా మనోవైద్యుల సంఘం 'శ్రద్ధ లోపం' అని పేరు పెట్టింది, 1987లో దానికి అతిచురుకు కూడా కలిపింది. ఈ పిల్లల్లో లోటు శ్రద్ధకి కాదు, దాన్ని కావలసిన చోటికి తిప్పే స్టీరింగుకి. చెస్‌లో ఎత్తు వేసిన వెంటనే జవాబొస్తుంది. హోంవర్కుకి జవాబు రేపో, వచ్చే వారం పేపర్లు దిద్దాకో. ఆ దూరమే వీళ్లు దాటలేనిది.

డాక్టర్లు కూడా ఒక్క హోంవర్కు చూసి తేల్చరు. లక్షణాలు పన్నెండేళ్ల లోపే మొదలయ్యాయా, కనీసం ఆరు నెలలుగా ఉన్నాయా, ఇల్లూ బడీ లాంటి రెండు చోట్లయినా కనిపిస్తున్నాయా అని చూస్తారు. రక్తపరీక్షతోనో స్కాన్‌తోనో తేలేది కాదు. అందుకే టీచర్ చెప్పే మాట అవసరం. ఆ టీచర్ 'నటిస్తున్నాడు' అన్నా సరే, ఏ పీరియడ్‌లో, ఏ పని చేస్తుండగా అలా అనిపించిందో రాసిమ్మనండి.

ఇది వంశపారంపర్యంగా బాగా వస్తుందని డాక్టర్ చెప్పగానే నేను మా ఆయన వైపు చూశాను. శనివారం పొద్దున కీబోర్డు విప్పి కూర్చుంటే మీటలన్నీ మళ్లీ బిగించేదాకా తిండి గుర్తురాని మనిషి. తీరా చూస్తే ఆయనకేం లేదు. కింది ఉత్తరం చదవండి.

ప్రశ్న: ఆంటీ, నాకు పదిహేనేళ్లు. క్లాసులో గోల చేయను, మార్కులు పర్లేదు. కానీ ఒకే పేరా ఐదుసార్లు చదువుతాను. కళ్లు కిందికి వెళ్తాయి, బుర్ర వెళ్లదు. అమ్మ 'ఫోన్ తగ్గించు' అంటోంది. నాకూ మీ అబ్బాయికి ఉన్నదే ఉందా?

జవాబు: ఉందో లేదో నేను చెప్పలేనమ్మా. కానీ నీ ఉత్తరంలో నాకు నేనే కనిపించాను. మావాడి కోసం ప్రశ్నల ఫారం నింపుతుంటే సగం ప్రశ్నలకి నా గురించే టిక్కులు పెట్టుకుంటున్నానని అర్థమైంది. రెండేళ్ల తర్వాత, నలభై ఒకటో ఏట, నాకూ అదేనని తేల్చారు. అప్పటిదాకా నేను 'కాస్త పరధ్యానం మనిషి'ని. గడువు దాటినవాళ్ల జాబితా ప్రింట్ తీస్తే మొదటి పేరు నాదే వచ్చింది ఒకసారి. మా సహోద్యోగి దాన్ని గట్టిగా చదివి, సంతకం కోసం నాకే ఇచ్చాడు.

గెంతని, అరవని పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఎవరి కంటా పడకుండా పెరిగిపోతుంటారు. అయితే నిద్ర చాలకపోయినా, ఆందోళన ఉన్నా, మనసు బాగోలేకపోయినా ఇలాగే ఉంటుంది. ఫోన్ విషయంలో మీ అమ్మ మాట కొట్టిపారేయకు. ఒక కాగితం మీద చిన్నప్పటివి, ఇప్పటివి నాలుగైదు సంఘటనలు రాసి అమ్మకి చూపించు. 'నాకు ఏడీహెచ్‌డీ' అంటే వాదన మొదలవుతుంది. 'రెండో క్లాసులో మూడు లంచ్ బాక్సులు పోగొట్టాను, గుర్తుందా?' అంటే సంభాషణ మొదలవుతుంది. ఈలోగా నడుస్తూ పైకి చదివి చూడు. నేను ఇప్పటికీ ఆఫీసు సర్క్యులర్లు అరల మధ్య తిరుగుతూనే చదువుతాను.

ప్రశ్న: ఇంట్లో ఆరేడు వందల పుస్తకాలున్నాయి. డ్యూయీ పద్ధతిలో సర్దాలని నా కోరిక. పిల్లలు నవ్వుతున్నారు. – పుస్తకాల పిచ్చోడు

జవాబు: విషయాన్ని బట్టి పుస్తకానికో అంకె ఇచ్చి సర్దడమే డ్యూయీ పద్ధతి. మేం చేశాం. మా ఆయన స్ప్రెడ్‌షీట్ తయారుచేసి బార్‌కోడ్ చీటీలు కూడా ముద్రించారు. డైనోసార్లు 567.9, కామిక్స్ 741.5. చూడముచ్చటగా ఉండింది, తొమ్మిది రోజులు. 1876లో ఆ పద్ధతి కనిపెట్టిన మెల్విల్ డ్యూయీ మా పిల్లల్ని ఊహించి ఉండడు. మావాడు రంగులవారీగా సర్దాడు, అదీ వారమే. చివరికి పాప పద్ధతి నిలిచింది: భయం వేసేవి, నవ్వొచ్చేవి, అన్నయ్యవి. ఎందుకంటే ఆలోచించకుండా తిరిగి పెట్టగలిగేది అదొక్కటే. 567.9 చీటీ ఉన్న అరలో ఇప్పుడు సాక్సులు ఉంటున్నాయి. మీ సొంత బీరువా ఒక్కటి డ్యూయీకి ఇచ్చేసి పిల్లల జోలికి వెళ్లకండి.

ప్రశ్న: లైబ్రరీ పుస్తకం పోగొట్టాడని మా అబ్బాయి రెండు నెలలుగా లైబ్రరీకే వెళ్లడం లేదు.

జవాబు: పంపండి. పుస్తకాలు పోతుంటాయని మాకు తెలుసు, లెక్క చూసిన ప్రతిసారీ కొన్ని తగ్గుతూనే ఉంటాయి. మీరు పక్కన నిలబడండి, మాట మాత్రం వాణ్నే చెప్పనివ్వండి. అంతకంటే ముందు ఫ్రిజ్ పైన, బండి డిక్కీలో, మంచానికీ గోడకీ మధ్య ఒకసారి వెతకండి. మావి మూడు అక్కడే దొరికాయి. అందులో రెండు నావి.